పెద్దవారిలో నరాల పొర వాపు: అంతా పక్షవాతమేనా?

అరవై దాటినవారికి కాలు చచ్చుబడినా, చూపు మసకబారినా ఇంట్లో వెంటనే అనుకునేది పక్షవాతమనే. చాలాసార్లు అది నిజమే. కానీ కొద్దిమందిలో కారణం వేరు. మెదడు, వెన్నుపాములోని నరాలపై కరెంటు తీగకు తొడుగులా మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. మనల్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తే దానిపై దాడి చేస్తే పొర వాచి, ఊడిపోతుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఈ కోవలోనిదే. అది ఎక్కువగా 20–40 ఏళ్ళ మధ్య మొదలవుతుంది గనుక పెద్దవారిలో అనుమానించడమే ఆలస్యమవుతుంది.

మేము ముందుగా అడిగేది, "ఎంతసేపట్లో వచ్చింది?" అని. పక్షవాతం సాధారణంగా నిమిషాల్లో వస్తుంది. పొర వాపు గంటలు, రోజుల మీద ముదురుతుంది. నొప్పితో ఒక కంటి చూపు తగ్గడం, నడుము కింద తిమ్మిరి, మూత్రం బిగియడం, ఒక రకంలో రోజుల తరబడి ఆగని ఎక్కిళ్ళు, వాంతులు దీని గుర్తులు. అయితే ఈ లెక్కలు ఇంట్లో వేసుకోవద్దు. మూతి వంకరపోయినా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. పక్షవాతంలో రక్తపుగడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా నాలుగున్నర గంటలే గడువు.

ఎమ్మారైలో తెల్లమచ్చలు కనబడితే అసలు తికమక మొదలవుతుంది. వయసు, బీపీ, షుగరు వల్ల సన్నని రక్తనాళాలు దెబ్బతిన్నా మెదడులో అలాంటి మచ్చలే వస్తాయి. కాబట్టి రిపోర్టులో 'డీమైలినేషన్' అన్న మాట చూసి హడలిపోకండి. వెన్నుపాములో కూడా మచ్చ ఉంటే మా అనుమానం బలపడుతుంది, ఎందుకంటే వయసు మచ్చలు అక్కడ రావు. ఆక్వాపోరిన్-4, మాగ్ యాంటీబాడీల రక్తపరీక్షలు, వెన్నునీటి పరీక్ష చేయిస్తాం. బి12 లోపం, క్షయ కాదని తేల్చుకుంటాం. లింఫోమా అనే కణితి అనుమానముంటే, రోగి పరిస్థితి ఆగనిస్తే, స్టెరాయిడ్‌కు ముందే ముక్క పరీక్ష చేయడం మంచిది. స్టెరాయిడ్‌తో ఆ కణితి తాత్కాలికంగా కరిగి పరీక్షకు దొరకకపోవచ్చు.

వాపు తగ్గించడానికి మిథైల్ ప్రెడ్నిసొలోన్ సాధారణంగా రోజుకు 1 గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు నరం ద్వారా ఎక్కిస్తాం. తగ్గకపోతే ప్లాస్మా మార్పిడి. ఆక్వాపోరిన్ రకంలో ప్రతి దాడీ చూపునో నడకనో కొంత తీసుకుపోతుంది. అందుకే అది మళ్ళీ రాకుండా రిటుక్సిమాబ్, అజథయోప్రిన్ వంటి మందులు ఏళ్ళ తరబడి వాడాలి.

పెద్ద వయసులో స్టెరాయిడ్ కత్తిమీద సామే. షుగరు, బీపీ పెరుగుతాయి, నిద్ర పట్టదు, ఎముకలు పలచబడతాయి, ఇన్ఫెక్షన్లు సులువుగా సోకుతాయి. రిటుక్సిమాబ్‌కు ముందు హెపటైటిస్-బి పరీక్ష తప్పనిసరి. బాగుందని స్టెరాయిడ్ మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు, కొద్దికొద్దిగానే తగ్గించాలి. వచ్చేటప్పుడు పాత ఎమ్మారై ఫిల్ములు, వాడుతున్న మందుల చీటీలు వెంట తెండి. పాత ఫిల్ముతో పోల్చి చూస్తేనే మచ్చ కొత్తదో కాదో చెప్పగలం.