పైనుండి దిగివచ్చిన అసూయ

శామీర్‌పేట దారిలో ‘మాలపల్లి’ని మరల చదువుకొన్న వేళ

మేడ్చల్ నుండి శామీర్‌పేటకు పోవు దారిలో, ఒకనాడు నాగలి తిరిగిన చెలకలు నేడు హద్దురాళ్ళు నాటిన ప్లాట్లై పరచుకొన్నవి. ప్రొద్దున్నే సద్దిగిన్నె చేతబట్టి అడ్డామీద నిలిచిన కూలీని, బండి దిగకయే “ఎంతకొస్తవ్?” అని యడుగువారిని చూచినప్పుడెల్ల, నా మనస్సు ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు చెరసాలలో వ్రాసిన నవలయందు సృష్టించిన మంగళాపురమను పల్లెకు మరలిపోవును.

1922లో వెలువడి, మదరాసు ప్రభుత్వపు నిషేధమునకు గురియైన ఆ ‘మాలపల్లి’ నవలలో ఇరువురు పురుషులు ఎదురెదురుగా నిలిచియున్నారు. ఒకరు భూస్వామి చౌదరయ్య. మరియొకరు ఆయన యింట పాలేరైన హరిజన యువకుడు సంగదాసు. లేనివాడు కలవానిని చూచి కుళ్ళుకొనుననుట లోకముయొక్క చిరకాలపు నమ్మకము; పంతులుగారు ఆ నమ్మకమును తలక్రిందులు చేసిరి. భూములు, గాదెలు, పలుకుబడి అన్నియు గల చౌదరయ్యకు, ఏమియులేని సంగదాసును చూచి ఓర్వలేమి యెందులకు? తన కన్నకొడుకు రామానాయుడే ఆ పాలేరునకు ప్రాణమిత్రుడగుట, తాను గద్దించినను కదలని కూలిజనము అతని మాటపై నడచుట, ఇవి రెండును ధనముచే కొనరానివి గనుకనే యని నా తలంపు.

ఎమిలీ బ్రాంటీ 1847లో ప్రకటించిన ‘వుదరింగ్ హైట్స్’లోను ఇట్టి చిచ్చే రగిలినది. వీధిలో దొరికిన హీత్‌క్లిఫ్‌పై తన తండ్రి చూపిన వాత్సల్యమును సహింపలేని హిండ్లీ, తండ్రి గతించిన పిదప వానిని పొలముపనివానిగా దిగజార్చెను. అచట తండ్రి ప్రేమ, ఇచట పుత్రుని స్నేహము. కలవారి అహంకారమునకు గాయమైన తావు మాత్రమొక్కటే.

ధాన్యము ధర పెరిగినంతనే, కొలిచి యిచ్చు కూలిగింజలను మాని డబ్బు ముట్టజెప్పవలెనని ఆసాములు తలంచిరి. కూలీలు పని మానిరి. సంగదాసు వారి పక్షమున నిలిచెను. కూలితగవు నెపము మాత్రమే. ఏండ్లుగా లోలోపల మరగిన అసూయ చౌదరయ్య చేతిలో దెబ్బయై, సంగదాసు ప్రాణములను హరించెను. హీత్‌క్లిఫ్ పగతో రెండుతరములను దహించెను; ఇచట ప్రతీకారమార్గము అన్న వెంకటదాసుది కాగా, సంగదాసు పేరు ‘సంగపీఠ’మను సంస్థయై, విద్యయై, పదిమందికి నీడయై నిలిచినది.

న్యాయశాస్త్రము బోధించు నల్సార్ విశ్వవిద్యాలయము ఈ శామీర్‌పేటలోనే యున్నది. కూలి యెంతయో నిర్ణయించుటకు చట్టము చాలును. తోటివాని గౌరవమును ఓర్చుకొను హృదయమును మాత్రము మనమే పెంపొందించుకొనవలెను. అడ్డామీద “ఎంతకొస్తవ్?” అని యడుగుటకు ముందు, బండి దిగి, “నీ పేరేందన్నా?” అని యడుగుటతో ఆ సాధన ఆరంభమగును.