ఎడమవైపు మొదటి బటన్

పోయిన జూలైలో మా అమ్మాయీ అల్లుడూ డాలస్ నుంచి మమ్మల్ని కొలరాడో కొండలు చూపించడానికి తీసుకెళ్లారు. ఏడుగురు పట్టే టర్బో బండి. నలుగురు పెద్దవాళ్లం, ఇద్దరు పిల్లలు, నెత్తిన సామాన్ల పెట్టె, మా ఆవిడ కలిపిన రెండు డబ్బాల పులిహోర. తిరుగు ప్రయాణంలో, కొలరాడో దాటకముందే, ట్రినిడాడ్ అనే ఊళ్లో గ్యాస్ కొట్టించాం. అక్కడి మనవాళ్లు పెట్రోలును గ్యాస్ అనే అంటారు. వంటగ్యాసు బండికెందుకని మా ఆవిడ మొదటి వారమంతా అడుగుతూనే ఉంది.

అల్లుడు ఫోను చూసుకుంటూ ఎడమవైపు మొదటి బటన్ నొక్కాడు. డాలస్‌లో వారానికోసారి నొక్కేది అదే. అక్కడ ఆ బటన్ మీద 87 అని ఉంటుంది. ట్రినిడాడ్‌లో 85 అని ఉంది. నేను చూశాను. చూసి ఊరుకున్నాను. ముప్ఫై ఏళ్లు పాలిటెక్నిక్‌లో ఇంజిన్ల పాఠం చెప్పినవాడు ఊరుకోకూడదు. కానీ అల్లుడి బండి, అల్లుడి డబ్బు.

రేటన్ కనుమ ఎక్కి దిగి, న్యూమెక్సికో మూలలోంచి టెక్సాస్‌లో పడేసరికి బయట ఎండ 40 డిగ్రీలు. అమరిల్లో దాటాక ఒక లారీని ఓవర్‌టేక్ చేయబోయి అల్లుడు గట్టిగా తొక్కాడు. బానెట్ కింద నుంచి సన్నగా చప్పుడు వినిపించింది, రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు. రెండు క్షణాలే. చప్పుడు ఆగింది, దాంతోపాటు బండి ఊపూ తగ్గింది.

“మామయ్య గారూ, బండి లాగట్లేదేంటి?” అన్నాడు.

ఆ చప్పుడునే ఇంజిన్ కొట్టుకోవడం అంటాం. మన మెకానిక్కులకు అది ‘నాకింగ్’. పెట్రోలు ఇంజిన్‌లో పిస్టన్ పైకి వస్తూ గాలి, పెట్రోలు కలిసిన ఆవిరిని దాదాపు పదో వంతుకు అణుస్తుంది. అణిగిన గాలి వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టి, పంపు అడుగున చెయ్యి పెట్టి చూసిన పిల్లవాడెవడికైనా ఇది తెలుసు. ఆ వేడి మీద స్పార్క్ ప్లగ్ ఒక నిప్పురవ్వ వేస్తుంది. మంట ప్లగ్ దగ్గర మొదలై సిలిండర్ గోడల దాకా వరసగా పాకుతుంది. అంతా కొన్ని మిల్లీసెకండ్ల పనే అయినా అందులో ఒక క్రమం ఉంది. ఒత్తిడి నిదానంగా పెరిగి పిస్టన్‌ను కిందికి నెడుతుంది.

చిక్కు వచ్చేది ప్లగ్‌కు దూరంగా, గోడ మూలనున్న ఆవిరితో. మంట ఇంకా అక్కడికి చేరలేదు, కానీ మండుతున్న భాగం ఉబ్బి దాన్ని గోడకేసి నొక్కుతోంది. నొక్కినకొద్దీ అది వేడెక్కుతుంది. ఓర్చుకోగలిగితే మంట వచ్చేదాకా ఆగుతుంది. లేకపోతే తనంతట తనే, మొత్తం ఒక్కసారిగా అంటుకుంటుంది. దీపావళి రోజు చిచ్చుబుడ్డిని చూశారుగా. బాగున్నది అడుగుదాకా నింపాదిగా పూలు చిమ్ముతుంది. పాడైనది ఒక్కసారి ఢామ్మంటుంది. మందు అదే, ఆరోజు మన అదృష్టమే వేరు. సిలిండర్‌లో ఆ పేలుడు పుట్టించే ఒత్తిడి అలలు గోడలను సెకనుకు ఆరేడు వేల సార్లు అదిలిస్తాయి. మనకు వినిపించే గులకరాళ్ల చప్పుడు అదే. లోహాన్ని అంటిపెట్టుకుని దాన్ని మంటవేడి నుంచి కాపాడే పల్చని గాలిపొర ఒకటుంటుంది. ఈ అలలు దాన్నీ చెదరగొడతాయి. గంటల తరబడి ఇలా సాగితే పిస్టన్ అంచు పురుగు తిన్నట్టు గుంటలు పడుతుంది. రింగులు విరుగుతాయి. మరీ ముదిరితే పిస్టన్‌కు చిల్లే పడుతుంది.

మా బండికి అంత జరగలేదు, జరగదు కూడా. ఇప్పటి ఇంజిన్ల ఒంటికి ఒక చిన్న చెవి బిగించి ఉంటుంది, నాక్ సెన్సర్. ఒత్తితే కరెంటు పుట్టించే స్ఫటికం అందులో ఉంటుంది. ఆ ఆరేడు వేల కంపనాలు వినపడగానే కంప్యూటర్‌కు కబురు పెడుతుంది. కంప్యూటర్ నిప్పురవ్వను కాస్త ఆలస్యంగా వేయిస్తుంది. ఇంజిన్ బతుకుతుంది, లాగే శక్తి తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది. అల్లుడికి రెండు క్షణాల చప్పుడూ, ఆ తర్వాత బండి మొండికేయడమూ వేరువేరు జబ్బులుగా కనిపించాయి. నిజానికి మొదటిది జబ్బు, రెండోది మందు.

పెట్రోలుకు ఆ ఓర్పు ఎంతుందో చెప్పేదే ఆక్టేన్ అంకె. అది బలాన్ని కొలిచే అంకె అని చాలామంది అనుకుంటారు. బంకుల దగ్గర బోర్డులూ ఆ భ్రమనే పెంచుతాయి. లీటరు 91 పెట్రోలులోనూ, లీటరు 97 పెట్రోలులోనూ దాచి ఉన్న శక్తి ఇంచుమించు ఒకటే. డీజిల్‌కు ఈ లెక్క పూర్తిగా తలకిందులు. అక్కడ స్పార్క్ ప్లగ్గే ఉండదు. ఇంధనం వేడిగాలి తగలగానే దానంతట అది అంటుకోవాలి. పెట్రోలుకు ఏది దోషమో డీజిల్‌కు అదే గుణం. దాన్ని కొలిచే అంకె కూడా వేరు, సీటేన్.

ఈ కొలమానం 1926లో పుట్టింది. అంతకుముందు ఏ పెట్రోలు ఎంత కొట్టుకుంటుందో చెప్పుకోవడానికి అందరూ ఒప్పుకున్న లెక్క లేదు. గ్రాహం ఎడ్గర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త రెండు ద్రవాలను రెండు కొసల్లో నిలబెట్టాడు. ఒకటి హెప్టేన్. ఏడు కార్బన్ల తిన్నని గొలుసు, వేడి తగిలితే ఇట్టే తెగి అంటుకుంటుంది. దానికి సున్నా. రెండోది ఐసో ఆక్టేన్. ఎనిమిది కార్బన్లున్నా గొలుసు పొట్టి, పక్కల కొమ్మలు ఎక్కువ. ఆ కొమ్మల వల్ల దాన్ని తెంపడం కష్టం. దానికి 100. మీ పెట్రోలు పరీక్ష ఇంజిన్‌లో ఎప్పుడు కొట్టుకుంటుందో చూడాలి. ఈ రెండిటినీ ఏ పాళ్లలో కలిపితే సరిగ్గా అంతే కొట్టుకుంటుందో చూడాలి. ఆ మిశ్రమంలో ఐసో ఆక్టేన్ ఎంత శాతమో అదే మీ పెట్రోలు ఆక్టేన్. సున్నాగా పెట్టడానికి అంత శుద్ధమైన హెప్టేన్ ఆ రోజుల్లో ఎక్కడ దొరికిందనుకున్నారు? కాలిఫోర్నియా కొండల్లో పెరిగే జెఫ్రీ పైన్ చెట్ల బంకలో. వీధి చివర బంకులో మనం చూసే అంకె మొదలు ఒక చెట్టు జిగురులో ఉందన్న సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు. పరీక్షకు వాడేది ఒకే సిలిండర్ ఉన్న ఇంజిన్. నడుస్తుండగానే దాని కంప్రెషన్‌ను పెంచొచ్చు, తగ్గించొచ్చు. ఈనాటికీ లోకమంతా ఆ తరహా ఇంజిన్ మీదే కొలుస్తోంది.

ఆక్టేన్ పెంచే అడ్డదారి ఈ కొలమానం కంటే ముందే దొరికింది. 1921 డిసెంబరు 9న థామస్ మిడ్‌గ్లీ అనే అమెరికన్ ఇంజినీరు పెట్రోలులో చిటికెడు టెట్రాఇథైల్ లెడ్, అంటే సీసపు సమ్మేళనం, కలిపి ఇంజిన్ నోరు మూయించాడు. 1923 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రం డేటన్‌లో అమ్మకం మొదలైంది. 1924లో దాన్ని తయారుచేసే పనివాళ్లు మతి చలించి చనిపోయారు. మిడ్‌గ్లీకే సీసపు విషం తగిలింది. అయినా అమ్మకం కొన్నాళ్లు ఆగి మళ్లీ మొదలైంది. మన దేశమంతటా సీసం పెట్రోలు ఆగింది 2000లో. ప్రపంచంలో చివరగా అల్జీరియా 2021లో ఆపింది. ఇంజిన్ దగ్గు తగ్గించడానికి ఒక శతాబ్దం పాటు పిల్లల నెత్తుట్లో సీసం నింపారు. ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

ఇక ట్రినిడాడ్ సంగతి. కొలరాడో, వ్యోమింగ్, యూటా లాంటి కొండ రాష్ట్రాల్లోనే 85 ఎందుకు అమ్ముతారు? ఎత్తుకు పోయేకొద్దీ గాలి పల్చబడుతుంది. డెన్వర్ సముద్రమట్టానికి 1,600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సుమారు ఆరో వంతు తక్కువ. సిలిండర్‌లోకి వచ్చే గాలే తక్కువైనప్పుడు అణచినా అంత ఒత్తిడి, అంత వేడి పుట్టవు. కాబట్టి ఓర్పు తక్కువున్న పెట్రోలు కూడా సరిపోతుంది. కార్బురేటర్ బండ్ల కాలంలో ఈ లెక్క నిజమే. బండి మారింది, లెక్క మాత్రం మారలేదు. నేటి టర్బో ఇంజిన్ గాలిని తనే ఒత్తి లోపలికి తోస్తుంది, కొండ మీద పల్చదనాన్ని చాలావరకు పూడ్చుకుంటుంది. టర్బో లేని వాటిలోనూ కంప్యూటర్ గాలిని కొలుచుకుని, అవకాశం ఉన్నంతవరకు నిప్పురవ్వను ముందుకు జరుపుకుంటుంది. అందుకే అక్కడ అమ్మే చాలా కార్ల పుస్తకాల్లో కనీసం 87 అని రాసి ఉంటుంది. డెన్వర్‌కు మినహాయింపేమీ రాయరు.

పైగా పెట్రోలు ట్యాంకులో కూర్చుని మనతోపాటే ప్రయాణిస్తుంది. కొండ మీద నింపిన 85ను మేము మైదానపు చిక్కటి గాలిలోకి, మండుటెండలోకి, గంటకు 120 కిలోమీటర్ల వేగంలోకి, ఏసీ బరువులోకి, నెత్తిన పెట్టెతో సహా దింపాం. ఓర్పు ఎక్కువ కావలసిన చోటికి ఓర్పు తక్కువ సరుకు మోసుకెళ్లామన్నమాట.

విరుగుడు తేలికే. “బాబూ, తర్వాతి ఊళ్లో ట్యాంకు సగం ఉండగానే ఆగి, కుడిచివరి బటన్ నొక్కండి” అన్నాను. అది 91. సగం 85, సగం 91 కలిస్తే దాదాపు 88. ఆక్టేన్ కలుపుడు లెక్కలో పెద్ద మతలబు లేదు, సగటు తీస్తే చాలావరకు సరిపోతుంది. ఆ తర్వాత చప్పుడు వినిపించలేదు. అల్లుడికి అనుమానం మాత్రం మిగిలింది. “హైదరాబాద్‌లో మామూలు పెట్రోలే 91 కదండీ మామయ్య గారూ! ఇక్కడ 91కి ప్రీమియం రేటు వసూలు చేస్తారేంటి?”

మంచి ప్రశ్న. రెండు దేశాల అంకెలు రెండు త్రాసులవి. పరీక్ష ఇంజిన్‌ను నిమిషానికి 600 చుట్లతో, చల్లగా నడిపితే వచ్చే అంకె ఆర్‌ఓఎన్. 900 చుట్లతో, మిశ్రమాన్ని బాగా వేడిచేసి నడిపితే వచ్చేది ఎంఓఎన్. రెండోది కఠిన పరీక్ష, అంకె తగ్గుతుంది. మన దేశంలో మొదటిదాన్నే చెబుతారు. అమెరికాలో రెండింటి సగటు పసుపుపచ్చ చీటీ మీద రాస్తారు. 20 శాతం ఇథనాల్ రాకముందు మన బీఎస్-6 మామూలు పెట్రోలుకు కనీస ప్రమాణం ఆర్‌ఓఎన్ 91, ఎంఓఎన్ 81గా ఉండేది. అమెరికా లెక్కన 86. అప్పటి మన 95 ప్రీమియం అక్కడ 90. కాబట్టి అక్కడి నుంచి వచ్చినవాళ్లు ‘మన ఊళ్లో అందరికీ ప్రీమియమే’ అని మురిసిపోనక్కర్లేదు. ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లు 87 చూసి కల్తీ అనుకోనక్కర్లేదు.

ఎక్కువ అంకె పోయిస్తే మంచిదేనా? 91కి సర్దిన ఇంజిన్‌కు 97 పోస్తే అది ఆ ఓర్పును వాడుకోలేదు. 2016లో అమెరికా వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ లెక్క వేసింది. మామూలు పెట్రోలు చాలిన బండ్లలో ప్రీమియం పోయించి అక్కడివాళ్లు ఒక్క ఏడాదిలో 210 కోట్ల డాలర్లు వృథా చేశారట. మన దగ్గరా 100 ఆక్టేన్ పెట్రోలు 2020 నుంచి కొన్ని నగరాల్లో దొరుకుతోంది. ఖరీదైన టర్బో బండ్లకు అది పనికొస్తుంది. స్కూటీలో పోయిస్తే జేబుకు తప్ప ఇంకెవరికీ తేడా తెలియదు. ఇక 20 శాతం ఇథనాల్ పెట్రోలు చూడండి. ఇథనాల్ ఆక్టేన్ 108 దాకా ఉంటుంది కాబట్టి దాన్ని కలిపితే అంకె పెరుగుతుంది. కానీ లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో ఉన్నదానిలో మూడింట రెండొంతులే. 10 శాతానికి సర్దిన పాత కార్లలో మైలేజీ 6-7 శాతం దాకా తగ్గొచ్చని నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. అంకె పెరిగి మైలేజీ తగ్గిన ఈ ఒక్క ఉదాహరణ చాలు, ఆక్టేన్‌కూ బలానికీ చుట్టరికం లేదనడానికి.

మన కుర్రాళ్లు బుల్లెట్లేసుకుని లేహ్ వెళ్లి “బండి లాగట్లేదు, పెట్రోలు బాగోలేదు” అంటుంటారు. అక్కడ పెట్రోలు తప్పేం లేదు. 3,500 మీటర్ల ఎత్తున గాలే మూడో వంతు తక్కువ, బండికి ఊపిరాడట్లేదు. పాత కార్బురేటర్ బండయితే ఆ గాలికి పెట్రోలు ఎక్కువైపోయి నల్లపొగ కూడా కక్కుతుంది. లేహ్‌లో లాగకపోవడం వేరు, అమరిల్లోలో లాగకపోవడం వేరు. చప్పుడు లేకుండా నీరసిస్తే గాలి సంగతి చూడాలి. గులకరాళ్ల చప్పుడుతో నీరసిస్తే పెట్రోలు, వేడి, బరువు చూడాలి.

ఇంటి దగ్గరయితే గేరు కూడా చూడాలి. శ్రీశైలం ఘాట్‌లోనో అనంతగిరి మలుపుల్లోనో నిండు బండిని నాలుగో గేరులో ఈడుస్తూ, పెట్రోలు ఆదా అవుతోందని సంబరపడేవాళ్లున్నారు. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూ పెద్ద బరువు లాగినప్పుడు మూలనున్న ఆవిరికి ఉడకడానికి బోలెడు సమయం దొరుకుతుంది. గేరు ఒకటి దింపండి, చప్పుడు పోతుంది. ఏ పెట్రోలు కావాలన్నది మాత్రం బండి పుస్తకంలోనో, ట్యాంకు మూత లోపలి చీటీ మీదో ఉంటుంది. కొనుక్కున్న ఇన్నాళ్లకైనా ఒకసారి చదవండి. డెన్వర్ వైపు కారేసుకుని వెళ్లే మన పిల్లలకు ఇంకొక్క మాట. అక్కడ ఎడమ నుంచి రెండో బటన్ నొక్కండి.