పాత యంత్రముల రబ్బరు భాగములు: నిలువయు, మార్పును

ఏరువాక దినములలో దుక్కిటెద్దు కుంటుపడిన రైతు పడు వెతను మన పెద్దలు బాగుగా నెరుగుదురు. ట్రాక్టరు నిలిచిపోయినను నేడు ఆ వెతయే కలుగుచున్నది. ఇనుప భాగము విరుగుట అరుదు. తరచుగా మోసము చేయునది రబ్బరు. రేడియేటరు గొట్టము పగిలి నీరు కారిపోయిన పిమ్మటను బండి నడపినచో, కొద్ది నిమిషములలోనే ఇంజను మిక్కిలి వేడెక్కి హెడ్డు వంకరపోవచ్చును. స్వల్పపు వెలగల గొట్టము వలన వేలకొలది రూపాయలు మరమ్మతునకు పోవుటయే గాక అదును కూడ తప్పును.

రబ్బరునకు వార్ధక్యము వాడుకవలననే గాక ఊరకుండుటవలనను వచ్చును. ఎండ, వేడి, నూనె, గాలిలోని ఓజోను అను వాయువు దానికి శత్రువులు. పాత విత్తనము చూపునకు బాగుండియు మొలకెత్తనట్లే, ఏండ్లు నిలువయున్న బెల్టు నిగనిగలాడుచుండియు బిగించిన కొలది దినములకే తెగవచ్చును. కావున పాత బండి గలవారు, భాగములు ముందు దొరకవేమోయను భయమున మితిమీరి కొని దాచుట లాభకరము గాదు. చక్కగా నిలువచేసిన సహజ రబ్బరునకు 5, నూనెకు తాళు నైట్రైలు రబ్బరునకు 7, సిలికోను రబ్బరునకు 10 సంవత్సరములు తొలి గడువని ఐ.ఎస్.ఓ. 2230 అను అంతర్జాతీయ ప్రమాణము తెలుపుచున్నది. గడువు దాటినవానిని పరీక్షింపక వాడరాదు.

నిలువ వేడిమి 25 డిగ్రీలకు లోపుగా నుండుట మేలు. మన వేసవిలో అది దుర్లభము గాన, గడువును తగ్గించి లెక్కించుకొనవలెను. రేకుల కప్పు క్రింది అటక పనికిరాదు. మోటారు షెడ్డును తగదు. విద్యుత్తు నిప్పురవ్వల వలన ఓజోను పుట్టును. డీజిలు, పురుగుమందుల డబ్బాల చెంత నుంచరాదు. మేకునకు వ్రేలాడదీసినను, మడిచి పెట్టినను వంపుచోట పగులును. సంచిలో వదులుగా నుంచి మూతికట్టి, కొన్న తేది వ్రాసి, చల్లని చీకటి గదిలో పెట్టెయందు భద్రపరుపుడు. ముందు కొన్నదానిని ముందు వాడుడు.

ఇంజను చల్లగా నున్నపుడు గొట్టమును నొక్కి చూడవలెను. గట్టిపడినను, జిగటగా మెత్తబడినను, ఉబ్బినను, పగుళ్లు కనబడినను మార్చవలసినదే. వేడి రేడియేటరు మూతను తీయరాదు. అంటుకొనిన గొట్టమును బలవంతముగా లాగక, నిలువునా కోసి తీయవలెను. లేనిచో రేడియేటరు మూతి విరుగును. డీజిలు గొట్టము మార్చిన పిమ్మట లోని గాలిని తప్పక వెడలింపవలెను. జీపు, వ్యాను బ్రేకులలోని రబ్బరు కప్పులను కిరసనాయిలుతో కడుగరాదు. అవి ఉబ్బి బ్రేకు పట్టుకొనిపోవును, లేదా పనిచేయక ప్రాణమునకే ముప్పు తెచ్చును. బ్రేకు ద్రవముతోడనే శుభ్రపరుపవలెను.

మన దేశమున 2023 ఫిబ్రవరిలో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు అమ్మకము ప్రారంభమయ్యెను. దీనికై చేయబడని పాత మోటారుసైకిళ్ల, స్ప్రేయర్ల పెట్రోలు గొట్టములు త్వరగా చెడవచ్చును. వానిని మార్చునపుడు ఇథనాలునకు తాళునవేనా యని విచారించి కొనుడు.

ఒకే తరహా యంత్రములు గల సభ్యులు సంఘము ద్వారా కలిసి కొన్నచో, ఒకరి పెట్టెలో ముదిరిపోవు బెల్టు వేరొకరి బండికి అదునున అక్కరకు వచ్చును. ఈ యేడు విత్తనమును చూచుకొను దినముననే గొట్టములను కూడ నొక్కి చూచుకొనుడు.