వార్తల్లో పదం: అరుణ మహాతార

చలికాలం రాత్రి భివండీ పద్మానగర్‌లో పవర్‌లూమ్ షెడ్డు బయట నిలబడి తలెత్తితే, వృషభ రాశిలో నారింజ రంగు చుక్క కనిపిస్తుంది. తెలంగాణ నుంచి వలసొచ్చి ఇక్కడ స్థిరపడ్డ పద్మశాలీలకు దాని పేరు చిన్నప్పటి నుంచీ తెలుసు. అదే రోహిణి, ఎండలు మండే కార్తెకు పేరిచ్చిన నక్షత్రం. సుమారు 65 కాంతి సంవత్సరాల దూరంలోని ఈ ముసలి తార సూర్యుడికి దాదాపు 44 రెట్ల వెడల్పుకు ఉబ్బింది. ఇలాంటి వాటినే అరుణ మహాతారలు అంటారు.

నక్షత్ర గర్భంలో హైడ్రోజన్ అయిపోతే కేంద్రం కుంచించుకుపోతుంది. దాని చుట్టూ ఉన్న పొరలో హైడ్రోజన్ మండుతుంది, పై పొరలు ఉబ్బుతాయి. దగ్గరి గ్రహాలను తార ఆకర్షణ లోపలికి లాగుతుంది. తార బరువు తగ్గేకొద్దీ దూరపు గ్రహాల కక్ష్యలు మాత్రం విస్తరిస్తాయి.

తార గ్రహాన్ని మింగడం మనిషి కంటపడింది 2020లో. గరుడ రాశి వైపు, సుమారు 12,000 కాంతి సంవత్సరాల దూరంలో ఒక తార పది రోజుల్లో వంద రెట్లకు పైగా వెలిగింది. బెంగళూరు ఐఐఎస్సీలో చదివిన కిశలయ్ డే బృందం 2023లో ‘నేచర్’లో దాన్ని వివరించింది. ఆ తార ఉబ్బి గ్రహాన్ని అందుకుందని అప్పట్లో అనుకున్నారు. 2025లో వెల్లడైన జేమ్స్ వెబ్ టెలిస్కోప్ పరిశీలనలు మాత్రం, గ్రహమే క్రమంగా దగ్గరై అందులో పడిందని సూచించాయి.

సూర్యుడికి అరుణ మహాతార దశ రావడానికి ఇంకా దాదాపు 500 కోట్ల ఏళ్లుంది. బుధ, శుక్రులు మిగలకపోవచ్చు. భూమి సంగతిపై శాస్త్రవేత్తల లెక్కలు ఇంకా కుదరలేదు.