అర్జునుడి పది పేర్లూ, అమెరికా అభిమాన కథలూ

పోయిన నెల ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. వాళ్ళమ్మాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా హ్యారీ పాటర్ పాత్రలతో సొంత కథలు అల్లి ఆన్‌లైన్‌లో పెడుతోందట. "రాసుకుంటే రాసుకోనీండి గానీ, అక్కడ అలాంటి కథలు కోటికి పైగా ఉన్నాయంటోంది. అన్నింట్లో ఫలానా కథే కావాలంటే చదివేవాళ్ళకి ఎలా దొరుకుతుందండీ?" అని ప్రశ్న. అది చదివాక, ఈ నెలకి సగం రాసిపెట్టుకున్న కృష్ణబిలాల వ్యాసం సొరుగులోకి వెళ్ళిపోయింది.

ముందు నేపథ్యం, గబగబా. ఒకరు సృష్టించిన పాత్రలతో ఇంకొకరు కథ అల్లితే అమెరికాలో దాన్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. మనకిదేమీ వింత కాదు. వ్యాసుడి భారతమంతా గాలించినా శశిరేఖ కనపడదు. ఎవరినీ అడక్కుండా మనవాళ్ళు అల్లుకున్న ఆ పిల్ల పెళ్ళే 1957లో 'మాయాబజార్' అయింది. అమెరికాలో అభిమానుల రాతలు మొదట సొంతంగా అచ్చేసుకున్న చిన్న పత్రికల్లో వచ్చాయి. సైన్స్ ఫిక్షన్ అభిమానులు 1930లో 'ది కామెట్' తెచ్చారు. క్లీవ్‌లాండ్‌లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్ళు 1933లో తమ సైక్లోస్టైల్ పత్రికలో సూపర్‌మ్యాన్ పేరుతో ఒక కథ వేశారు. అందులో సూపర్‌మ్యాన్ దుర్మార్గుడు! ఈ పత్రికలకి ఫ్యాన్‌జీన్ అన్న పేరు 1940లో వచ్చింది. టీవీలో 'స్టార్ ట్రెక్' 1966 సెప్టెంబరులో మొదలైతే, సరిగ్గా ఏడాదికల్లా న్యూయార్క్‌లో డెవ్రా లాంగ్‌సామ్, షెర్నా కమర్‌ఫోర్డ్ అనే ఇద్దరు ఆడవాళ్ళు 'స్పాకనేలియా' అనే ఫ్యాన్‌జీన్ మొదలుపెట్టారు. పూర్తిగా స్టార్ ట్రెక్‌కే అంకితమైన పత్రికల్లో అదే మొదటిది. అక్కణ్ణుంచి ఈ రంగం ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల మీదుగానే నడిచింది.

సైక్లోస్టైల్ తెలియని పిల్లల కోసం రెండు ముక్కలు. స్టెన్సిల్ అంటే మైనం పట్టించిన పల్చటి కాగితం. రిబ్బన్ తప్పించి టైపు కొడితే అక్షరం పడ్డచోట మైనం తొలగి సిరా దూరే సందు పడుతుంది. ఆ కాగితాన్ని డ్రమ్ముకి చుట్టి పిడి తిప్పితే లోపలి సిరా ఆ సందుల్లోంచి కాగితం మీదికి దిగుతుంది. కాస్త గట్టిగా కొడితే ఇంగ్లీషు 'ఓ' అక్షరం నడిమి ముక్క ఊడి వచ్చేది, అచ్చులో నల్లటి చుక్క పడేది. అంతకంటే చవకది స్పిరిట్ డూప్లికేటర్. దాని మాతృక మీద ఊదారంగు అద్దకం ఉంటుంది. స్పిరిట్ తడి తగిలిన ప్రతి కాగితమూ ఆ రంగులో కొంచెం కరిగించుకుపోతుంది. ప్రతి కాపీకీ మాతృక పలచబడుతూ, రెండు మూడు వందలయ్యేసరికి అక్షరాలు కళ్ళు చికిలించుకుని చూసినా కనపడవు. కథ ఎంత బాగున్నా ఎంతమంది చదవాలన్నది రంగూ మైనమూ తేల్చేవి. అచ్చయ్యాక బల్ల చుట్టూ పేజీల దొంతులు పేర్చి, స్నేహితురాళ్ళంతా వరసగా తిరుగుతూ ఒక్కో కాగితం తీసుకుంటూ పత్రిక కూర్చేవారు. ధర కాగితానికీ పోస్టేజీకీ సరిపడా మాత్రమే. లాభం వేసుకుంటే కాపీరైటు యజమానులు ఊరుకోరని భయం. వేసుకోకపోయినా ఊరుకుంటారని నమ్మకం లేదు: 1981లో లూకస్ ఫిల్మ్ సంస్థ 'స్టార్ వార్స్' పెద్దల కథల మీద ఫ్యాన్‌జీన్ సంపాదకులకి హెచ్చరిక ఉత్తరాలు పంపింది.

ఈ పత్రికల ప్రకటనల్లో చోటు తక్కువ. ఏ కథ ఏ తరహాదో ఒక్క ముక్కలో చెప్పాలి. 'స్టార్ ట్రెక్' పాత్రలు కెప్టెన్ కర్క్, స్పాక్ ఒకరినొకరు ప్రేమించుకున్నట్టు ఊహించిన కథలకి ఆ ఇద్దరి పొడి అక్షరాలు రాసి మధ్యలో ఏటవాలు గీత పెట్టేవారు. ఆ గీతని గుర్తుపెట్టుకోండి, దానితో మళ్ళీ పని పడుతుంది.

1990ల్లో కథలు యూజ్‌నెట్ చర్చాబృందాలకి ఎక్కాయి. కథకి ముందు శీర్షిక, జంట పేర్లు, ఎవరు చదవదగ్గది అని వరసగా రాసే అలవాటు అక్కడ గట్టిపడింది. ఏటవాలు గీత కూడా వెంట వచ్చింది. 1998లో జింగ్ లీ అనే ప్రోగ్రామర్ ఫ్యాన్‌ఫిక్షన్ డాట్ నెట్ తెరిచాడు. స్టెన్సిల్ పోయింది, స్టాంపు పోయింది, సంపాదకురాలూ పోయింది. ఆ మూడోదాని లోటు ఎవరికీ వెంటనే తెలియలేదు. పత్రిక చేతికొచ్చిందంటే అప్పటికే ఒకావిడ నానా చెత్తా చదివి, బాగున్నవి ఏరి ఇచ్చిందన్నమాట. కథలు లక్షలకి చేరాక ఆ ఏరే పని ఎవరిది?

ఇక అసలు సంగతి. నాకు ఇంతకంటే ముచ్చటైన యంత్రాంగం ఈమధ్య కనపడలేదు.

ఏ వస్తువునైనా వెతికి పట్టుకోవాలంటే దానికో పేరు అంటించాలి. పేర్లతో చిక్కేమిటంటే ఒక్కడికే పది ఉంటాయి. పార్థుడు, కిరీటి, సవ్యసాచి, ధనంజయుడు అందరూ ఒక్క అర్జునుడే. ఆ పదింట్లో 'కృష్ణ' కూడా ఒకటి. ద్రౌపది పేరూ కృష్ణే. ఇక అసలు కృష్ణుడు ఉండనే ఉన్నాడు. కంప్యూటర్ దృష్టిలో కిరీటి, సవ్యసాచి ఇద్దరు వేరే మనుషులు. మూడు కృష్ణలూ ఒక్కరే.

దీనికి పాత పరిష్కారం ముందే జాబితా కట్టేయడం. ఫ్యాన్‌ఫిక్షన్ డాట్ నెట్ ఆ దారే పట్టింది: సైటు వాళ్ళిచ్చిన జాబితాలోంచే పాత్రల పేర్లూ కథల రకాలూ ఎంచుకోవాలి. మన కథ ఆ గళ్ళలో ఇమడకపోతే అది మన ఖర్మ. కొత్త పరిష్కారం 2000 తర్వాత వచ్చింది: జాబితా లేదు, ఎవరికి తోచిన ట్యాగు వాళ్ళు తగిలించుకోవచ్చు. 2004లో థామస్ వాండర్ వాల్ దీనికి ఫోక్సానమీ అని పేరు పెట్టాడు. 2005లో క్లే షర్కీ అనే రచయిత మరో అడుగు ముందుకేసి, వర్గీకరణకి మనం ఇస్తున్న విలువ చాలా ఎక్కువని వాదించాడు. పర్యాయపదాల్ని కలపడం కూడా నష్టమే అన్నాడు: 'మూవీస్' అనేవాళ్ళూ 'సినిమా' అనేవాళ్ళూ వేరువేరు మనుషులు, ఆ మాటల్ని కలిపేస్తే ఆ తేడా పోతుంది అని. ఆ వ్యాసం చదివి అవునవునని తలాడించినవాళ్ళలో నేనూ ఉన్నాను. వాదన ఇప్పటికీ అందంగానే ఉంది. కాకపోతే ఆయన రెండే దారులున్నాయనుకున్నాడు.

మూడో దారి వేసినవాళ్ళు ఫ్యాన్ ఫిక్షన్ రాసే ఆడవాళ్ళు. 2007లో రెండు దెబ్బలు తగిలాయి. అభిమానుల కథలతో వ్యాపారం చేయడానికి ఫ్యాన్‌లిబ్ అనే కంపెనీ పెట్టుబడితో దిగింది. మే నెలాఖరులో, అభిమానులు అప్పట్లో గుమికూడే లైవ్‌జర్నల్ అనే బ్లాగుల సైటు వందల ఖాతాల్ని చెప్పాపెట్టకుండా మూసేసింది. మన కథలకి మన సొంత ఇల్లుండాలని ఆ మే నెలలోనే పిలుపిచ్చింది నయోమీ నోవిక్, ఇవాళ పేరున్న నవలా రచయిత్రి. ఆ పిలుపులోంచి ఒక లాభాపేక్ష లేని సంస్థా, 2009 నవంబరులో 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' అనే కథల భాండారమూ పుట్టాయి. పేరు వర్జీనియా వుల్ఫ్ పుస్తకాన్ని తలుచుకుని పెట్టింది.

అక్కడ కథ పెట్టేవాళ్ళు ట్యాగుగా ఏమైనా రాసుకోవచ్చు. ఒకరు 'కర్క్/స్పాక్' అంటారు, ఒకరు 'స్పాక్/కర్క్' అంటారు, ఇంకొకరు రెండూ నలిపి 'స్పిర్క్' అంటారు. తెర వెనక ట్యాగ్ రాంగ్లర్లనే స్వచ్ఛంద కార్యకర్తలుంటారు, వందల సంఖ్యలో. కొత్త ట్యాగు పడగానే అది వాళ్ళ వరసలోకి వస్తుంది. ఒక రాంగ్లరు దాన్ని చూసి, ఇది ఏ కథాప్రపంచానిది, ఇదివరకే ఉన్న ఏ ప్రామాణిక ట్యాగుకి పర్యాయం అని తేల్చి ముడి వేస్తుంది. ఇప్పుడు పాఠకుడు ప్రామాణిక పేరుతో వెతికితే పర్యాయాలన్నీ వరసగా వచ్చి వాలతాయి. షర్కీ పట్టుకోలేకపోయింది ఇక్కడే ఉంది: రచయిత్రి రాసిన మాట చెరగదు. ఆమె కథ మీద 'స్పిర్క్' అనే కనిపిస్తుంది. ముడి వెతకడానికి మాత్రమే, చూపించడానికి కాదు. 'మూవీస్' వాళ్ళకీ 'సినిమా' వాళ్ళకీ తేడా చెక్కుచెదరదు, అయినా ఇద్దరూ ఒకే వెతుకులాటలో దొరుకుతారు. పైగా కలిపింది తప్పని తేలితే ముడి విప్పేస్తే చాలు. ఏ కథనీ ముట్టుకోనక్కర్లేదు.

ముడుల కట్టుబాట్లు కూడా చక్కగా ఆలోచించి పెట్టారు. పర్యాయం నేరుగా ప్రామాణికానికే అతకాలి, ఇంకో పర్యాయానికి అతకకూడదు. అంచేత ఎన్ని లక్షల ట్యాగులున్నా కంప్యూటర్ ఒక్క గెంతులో అసలు పేరు చేరుకుంటుంది. దీనికి పైన ఇంకో అంచె: ప్రామాణిక ట్యాగుల మధ్య పెద్దా చిన్నా వరస. పాత్రల్ని కాఫీ కొట్లో పనివాళ్ళుగా మార్చేసిన కథల ట్యాగు (నిజంగానే అదో పెద్ద శాఖ) 'ప్రత్యామ్నాయ లోకం' అనే పెద్ద ట్యాగు కిందికి వస్తుంది. పెద్దదాన్ని అడిగితే చిన్నవన్నీ కలిసి వస్తాయి. ఇంటిపేరు లేని ఉత్త 'జాన్' ఎదురైతే, ఏ జాన్ అన్నది తేలకపోతే, ముడి వేయకుండా వదిలేస్తారు. 'నిద్రమత్తులో రాశాను, తిట్టకండి' లాంటి ట్యాగులు కూడా ఉంటాయి, వాటినీ ముట్టుకోరు. ఏటవాలు గీత ఇక్కడ వ్యాకరణ సూత్రమైంది: గీత ఉంటే ప్రేమ, 'అండ్' గుర్తు ఉంటే స్నేహం.

మన అమరసింహుడు చేసిన పని ఇదే కదా! పర్యాయాలన్నీ ఒక్కచోట చేర్చాడు, ఏవీ కొట్టేయలేదు. గీతకైతే అన్నగారు మద్రాసులోనే ఉన్నారు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్.రంగనాథన్ 1933లో ప్రచురించిన కోలన్ వర్గీకరణలో, ఒక పుస్తకాన్ని ఒకే గదిలో పడేయకుండా, వేరువేరు ముఖాలుగా విడదీసి వాటిని విరామ చిహ్నంతో అతికారు. లండన్‌లో పిల్లల మెకానో బొమ్మ చూసి ఆ ఊహ తట్టిందని చెబుతారు. ఆర్కైవ్‌లో పాత్ర, జంట, కథ తరహా, వయసు స్థాయి అని పక్కన కనిపించే వడపోత గళ్ళన్నీ రంగనాథన్ చెప్పిన ముఖాలే.

గీత విలువ తెలియనివాళ్ళు ఏమయ్యారో కూడా చెప్పాలి. డెలీషియస్ అనే బుక్‌మార్కుల సైటుని అభిమానులు తెగ వాడేవారు. 2011లో యూట్యూబ్ స్థాపకులు చాడ్ హర్లీ, స్టీవ్ చెన్ దాన్ని కొని సెప్టెంబరులో కొత్త హంగులతో తెరిచారు. ఆ హంగుల్లో ఏటవాలు గీతతో వెతకడం పనిచేయకుండా పోయింది! అభిమానులు మూకుమ్మడిగా పిన్‌బోర్డ్ అనే సైటుకి తరలిపోయారు. దాన్ని ఒంటిచేత్తో నడిపే మాచే సెగ్లోవ్‌స్కీ, మీకేం కావాలో చెప్పండని మాటవరసకి అడిగితే, అందరూ కలిసి రాసిన యాభై పేజీలు దాటిన పత్రం చేతికిచ్చారట. 2017లో ఆయనే డెలీషియస్‌ని 35,000 డాలర్లకి కొనేశాడు.

ఆర్కైవ్‌కి తలనొప్పులు లేవని కాదు. 2021లో ఒకే కథకి వెయ్యికి పైగా ట్యాగులు తగిలించారు, ఎవరు ఏది వెతికినా అదే అడ్డుపడేది. చివరికి కథకి 75 ట్యాగులే అని హద్దు పెట్టాల్సి వచ్చింది. 2019లో, కథలు యాభై లక్షలకి చేరిన రోజుల్లో, ఈ భాండారానికి సైన్స్ ఫిక్షన్ రంగంలో పేరున్న హ్యూగో పురస్కారం వచ్చింది. రాంగ్లర్లకి జీతం ఇప్పటికీ లేదు. ఖర్చులు విరాళాలతో వెళ్తాయి, ప్రకటనలు ఉండవు.

ఇక దీని ఉపయోగాలంటారా? మన పాత తెలుగు పుస్తకాలు స్కాన్ చేసి పెట్టినచోట ఒకసారి వెతికి చూడండి. రావిశాస్త్రి అని కొడితే రాచకొండ విశ్వనాథశాస్త్రి రాడు. ఆరుద్ర అంటే భాగవతుల వారు పలకరు. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్క పేరునే నాలుగైదు రకాలుగా ఎక్కించారు, నాలుగింటికీ పొంతన ఉండదు. ఇదివరకు కార్డు కేటలాగులో 'ఫలానా చూడుము' అని ఒక చిన్న చీటీ ఉండేది. కంప్యూటర్లు వచ్చాయన్న సంబరంలో దాన్ని కాస్తా పారేశారు. ఆర్కైవ్ నడిపే సాఫ్ట్‌వేర్ మూలం మొత్తం బహిరంగంగానే ఉంది, ఎవరైనా దించుకోవచ్చు. కూర్చుని ముడులు వేసే మనుషులే కావాలి.