పనిలేని నెలలు

ఒక దేశములో నిరుద్యోగులెందరని అడిగినచో, ఉద్యోగము లేనివారినందరిని లెక్కించిన చాలును గదా యని మనకు తోచును. కాని ఏ పనియు చేయక ఊరక కూర్చుండవలెనన్నను ఇంటిలో తిండిగింజలుండవలెను. పేదవానికి అట్టి వెసులుబాటు లేదు. కూలి దొరకిననాడు కూలికి పోవును. దొరకనినాడు కట్టెలు కొట్టి యమ్మును. మన దేశమున జరుగు శ్రామికశక్తి సర్వేలో వారము దినముల స్థితిని లెక్కించు పద్ధతి ఒకటి కలదు. దాని ప్రకారము ఆ వారములో ఒక్క గంట పనిచేసినవాడు కూడ పనిలో ఉన్నట్లే. కావున నిరుద్యోగ శాతము తక్కువగా ఉన్నంత మాత్రమున ప్రజలకు చేతినిండ పని ఉన్నదని తలచరాదు.

నిరుద్యోగము పలువిధములు. చదువు ముగించి పని వెదకుకొను యువకునిది బహిరంగ నిరుద్యోగము. పైరు లేని నెలలలో పల్లెను బాధించునది ఋతు నిరుద్యోగము. మూడవది ప్రచ్ఛన్న నిరుద్యోగము. ఇద్దరు చేయదగిన సేద్యమును ఒకే కుటుంబములోని నలుగురు పంచుకొని చేయుచున్నారనుకొందము. చూచుటకు నలుగురును పనిలోనే ఉందురు. ఇద్దరు తప్పుకొన్నను పంట తగ్గనిచో ఆ ఇద్దరి నిరుద్యోగము కంటికి కనబడనిదన్నమాట.

సెయింట్ లూసియా ద్వీపమున జన్మించిన ఆర్థర్ లూయిస్ అను అర్థశాస్త్రజ్ఞుడు 1954లో ఈ విషయమును చర్చించెను. వ్యవసాయములోని అదనపు శ్రామికులను పరిశ్రమలకు తరలించినచో, పరిశ్రమల లాభము తిరిగి పెట్టుబడియై మరికొందరికి పని కల్పించునని ఆయన వాదము. దీనికి థియోడర్ షుల్ట్జ్ 1964లో మన దేశమునుండియే ఒక అభ్యంతరము చూపెను. 1918–19 నాటి ఇన్‌ఫ్లుయెంజా జ్వరముచే లక్షలాది జనులు మరణించిరి. పల్లెలలో నిజముగా పనికిరాని చేతులున్నచో ఆ తరువాత సాగు తగ్గియుండరాదు. కాని విత్తిన విస్తీర్ణము తగ్గినది. వీరిద్దరికిని 1979లో నోబెల్ బహుమానము కలిసి లభించినది.

ఈ వాదములను కలిపి చూచినచో ఒక సంగతి స్పష్టమగును. విత్తు సమయమునను, కోత సమయమునను పల్లెలో చేతులు చాలవు. మిగిలిన నెలలలో చేతులకు పని చాలదు. అనంతపురము జిల్లాలో వర్షాధారపు వేరుసెనగను చూడుడు. జూన్, జూలై నెలలలో విత్తుదురు. అక్టోబరు, నవంబరులలో చెట్లు పెరుకుదురు. ఆ పిమ్మట నీరు లేని పొలమునకు మనిషితో పనిలేదు. అందుచే ఎందరో బెంగుళూరు వంటి నగరములకు వలసపోవుదురు. వారి వెంట బడి పిల్లలును పోవుదురు.

ఈ పనిలేని నెలలను ఉపయోగించుకొను మార్గమొకటి మహారాష్ట్రలో రూపొందినది. 1972–73 నాటి కరువులో ప్రభుత్వము పెద్దయెత్తున పనులు పెట్టెను. 1977లో అచట ఉపాధి హామీకి చట్టము చేయబడినది. దేశమంతటికిని అట్టి చట్టము 2005లో వచ్చినది. 2006 ఫిబ్రవరి 2న పథకము ఆ అనంతపురము జిల్లాలోని బండ్లపల్లిలోనే ప్రారంభమైనది. శారీరక శ్రమకు సిద్ధపడు ప్రతి గ్రామీణ కుటుంబమునకు సంవత్సరమునకు 100 దినముల పనిని ఆ చట్టము హామీ యిచ్చినది. 2025 డిసెంబరులో పార్లమెంటు దానికి బదులుగా 125 దినముల హామీతో మరియొక చట్టమును ఆమోదించినది. విత్తుటకు, కోతలకు చేతులు కొరవడకుండ ఆ కాలములలో మొత్తము 60 దినములు పనులు నిలుపు ఏర్పాటు అందున్నది. దీనివలన కూలివారి బేరమాడు శక్తి తగ్గునను అభ్యంతరమును వినవచ్చినది.

కూలిగా ఇచ్చిన రూపాయి ఒక్క చేతిలో ఆగదు. 100 రూపాయలు పొందినవాడు 60 రూపాయలు ఊరిలోనే ఖర్చుచేసెననుకొనుడు. అది అంగడివానికి ఆదాయము. అతడును అదే వంతున 36 రూపాయలు ఖర్చుచేయును. ఇట్లు సాగిన వరుసను కూడినచో మొత్తము ఆదాయము 250 రూపాయలగును. దీనినే గుణకమందురు. అయితే వి.కె.ఆర్.వి. రావు 1952లోనే ఒక హెచ్చరిక చేసెను. పేద దేశములో చేతికి వచ్చిన డబ్బు ముందుగా తిండికే పోవును. ధాన్యమో, కోరినంతనే పెరుగునది కాదు. సరకు పెరుగక డబ్బు మాత్రము పెరిగినచో ధరలే పెరుగును.

కావున ఏ పని చేయించుచున్నామన్నది ముఖ్యము. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు గల నిలువుగోడల గుంటలో 200 ఘనమీటర్లు, అనగా 2 లక్షల లీటర్ల నీరు పట్టును. ఎకరమనగా సుమారు 4,047 చదరపు మీటర్లు. ఇంకి ఆవిరియగు నీటిని విడిచి లెక్కించినచో, ఈ నీరు ఒక ఎకరమునకు 5 సెంటీమీటర్ల తడి యిచ్చును. ఊడలు దిగి కాయ ఊరు సమయమున వాన మొగము చాటేసినచో, ఆ ఒక్క తడియే పంటను నిలుపవచ్చును. వేసవిలో ఇచ్చిన కూలి ఈ విధముగా పంటయై తిరిగివచ్చును. వరదకు కొట్టుకొనిపోవు మట్టిరోడ్డు వేసినచో కూలి మిగులును గాని పంట పెరుగదు. కూలి నెలల తరబడి ఆలస్యమైనచో, చెరువు తవ్వినవాడును వలసబండి యెక్కును.

గుంటలు మాత్రమే సమస్యను తీర్చలేవు. 2023–24 సర్వే ప్రకారము మన శ్రామికులలో సుమారు 46 శాతము వ్యవసాయమునే నమ్ముకొనియున్నారు. దేశపు ఉత్పత్తి విలువలో వ్యవసాయపు భాగము అయిదవ వంతునకు లోపే. ఈ అంతరము తగ్గవలెనన్నచో నేత, ఆహారపదార్థముల తయారీ, గృహనిర్మాణము వంటి ఎక్కువ చేతులు కోరు పరిశ్రమలును, వానికి తగిన చదువును కావలెను.

ఉపాధ్యాయులు ఈ పాఠమును ఊరి లెక్కతో బోధింపవచ్చును. పండ్రెండు నెలలకు పండ్రెండు గడులు గీచి, తమ ఊరిలో ఏ నెలలో ఎన్ని దినములు కూలి దొరకునో విద్యార్థులచేత పెద్దలనడిగించి వ్రాయింపుడు. ఖాళీగా మిగిలిన గడులే ఆ ఊరి నిరుద్యోగము. వానిని ఏ పనితో నింపవచ్చునో విద్యార్థులనే ఆలోచింపనిండు.