పౌడర్ కోటింగ్: గన్ మెషీన్ చేతికి.. మరి కార్మికుడి పనేంటి?

పుప్పాలగూడలో హైరైజ్ టవర్లు వరుసగా లేస్తున్నాయి. వాటికి బిగించే అల్యూమినియం కిటికీల రంగు సాధారణంగా బ్రష్‌తో వేసేది కాదు, పౌడర్ కోటింగ్. చార్జ్ చేసిన రంగు పొడిని గన్‌తో చల్లితే, ఎర్త్ చేసిన ఫ్రేముకు అంటుకుంటుంది. ఓవెన్‌లో దాదాపు 200 డిగ్రీల వేడికి కరిగి గట్టి పొరగా మారుతుంది.

ఆటోమేటిక్ లైన్‌లో ఫ్రేములు కన్వేయర్‌కు వేలాడుతూ వెళ్తుంటే, గన్‌లు వాటంతటవే పైకీ కిందికీ కదులుతాయి. పొర మందం 60-80 మైక్రాన్ల మధ్య నిలకడగా వస్తుంది. కార్మికుడు పొడి పీల్చే ముప్పూ తగ్గుతుంది.

మరి చేతిపని పోయినట్టేనా? పూర్తిగా కాదు. చార్జ్ వల్ల పొడి అంచులకే ఎక్కువగా పట్టేస్తుంది, లోపలి మూలలకు సరిగా చేరదు. అక్కడ టచప్‌కు అనుభవమున్న చెయ్యి కావాల్సిందే. ఇక ఫ్రేమును ముందే సరిగ్గా కడగకపోతే, ఎంత ఖరీదైన మెషీన్ పెట్టినా రంగు పెచ్చులూడుతుంది.